అద్దం ఉన్న పెట్టె, అద్దం లేని పెట్టె

మా ఇంటి హాలులో నాన్నగారి చిత్రపటం ఒకటి ఉంది. దానికి గంధపుదండ వేసి, కింద ఒక చిన్న దీపం పెట్టాం. చూడవచ్చినవారు "ఎంత గంభీరంగా ఉన్నారో!" అంటారు. ఆ గాంభీర్యం నాన్నగారిది కాదు. పింఛను పుస్తకంలో అతికించడానికి తీయించిన పాస్‌పోర్టు సైజు ఫొటోను స్టూడియోవారు పెద్దది చేసి, చొక్కా ముడతలు సరిదిద్ది, వెనుక నీలిరంగు నింపి ఇచ్చారు. నాన్నగారు నవ్వితే ఎడమకన్ను కుడికన్ను కంటె కాస్త ఎక్కువగా మూసుకునేది. ఆ నవ్వు ఈ రోజు ఏ కాగితం మీదా లేదు.

లేకపోవడానికి కారకుణ్ణి నేనే. 2009లో కెమెరా కొనాలని సంకల్పించాను. నికాన్ డి40 అప్పటికి బజారులోకి వచ్చి మూడేళ్ళయింది. మరికొంత కాలం ఆగితే దీనికంటె మంచిది వస్తుందని తెలిసినవారు చెప్పారు. వారి మాట నిజమే అయింది. 2010లో డి3100 వచ్చింది. అది పాతబడేదాకా ఆగితే ధర తగ్గుతుందని మళ్ళీ ఆగాను. ఎన్ని సమీక్షలు చదివానో, ఎన్ని పట్టికలు పోల్చి చూశానో లెక్కలేదు. 2011 వేసవిలో నాన్నగారు వెళ్ళిపోయారు. కెమెరాల గురించి నాకు చాలా తెలుసు. నాన్నగారి ఫొటో మాత్రం నా దగ్గర ఒక్కటీ లేదు.

ఈ గతమంతా ఇప్పుడు తవ్వుకోవడానికి మా మేనకోడలు నిమిత్తమయింది. కొత్తగా ఉద్యోగంలో చేరి, జీతంలోంచి నలభై వేల రూపాయలు కూడబెట్టింది. కోనసీమలో మా అమ్మ ఒక్కతే ఉంటున్న పెంకుటింటికి ఉగాదినాటికి తాళం వేసి, అమ్మను మా దగ్గరికి తెచ్చుకోవాలని నిశ్చయించాం. అమ్మకు ఎనభైయొకటి. ఆ ఇంట్లో, ఆ వంటగదిలో, కత్తిపీట ముందు కూర్చున్న అమ్మమ్మను ఫొటోలు తీయాలని పిల్ల కోరిక. "మావయ్యా, మిర్రర్‌లెస్ కొననా, పాత డి.ఎస్.ఎల్.ఆర్. కొననా?" అని ఫోను చేసి అడిగింది.

నా సమాధానం చెప్పేముందు ఈ అద్దం సంగతి కొంచెం విన్నవించాలి. ఫిల్ము వాడే రోజుల్లో లెన్సు వెనుక ఫిల్ము ఉండేది. దానికి ముందుగా వెలుతురు తగిలితే పాడవుతుంది. కనుక లెన్సు చూసే దృశ్యాన్నే మన కన్నూ చూడాలంటే వేరే ఉపాయం కావాలి. లెన్సుకూ ఫిల్ముకూ నడుమ ఒక అద్దాన్ని ఏటవాలుగా నిలిపి, వెలుగును పైకి మళ్ళించి, పట్టకం గుండా కంటికి చేర్చారు. మీట నొక్కగానే అద్దం పైకి లేస్తుంది, వెలుగు ఫిల్ము మీద పడుతుంది, అద్దం మళ్ళీ కిందికి దిగుతుంది. మనం వినే ఆ "టపక్" చప్పుడులో సగం అద్దానిదే. ఫిల్ము పోయి సెన్సర్ వచ్చాక కూడా పాత పద్ధతే చాలాకాలం సాగింది. అదే డి.ఎస్.ఎల్.ఆర్.

నిజానికి అంతకు ముందు కాలపు పెద్ద కెమెరాలలో ఈ అద్దమే లేదు. ఆరవ నిజాం కొలువులో ఛాయాచిత్రకారుడుగా ఉన్న రాజా దీన్‌దయాళ్ (1844-1905) నాటి పనివారు నల్లగుడ్డ కప్పుకుని, కెమెరా వెనుకనున్న గరుకు గాజుపలక మీద తలకిందులుగా పడే బొమ్మను చూసుకునేవారు. తరువాత ఆ చోటనే ప్లేటు అమర్చేవారు. సెన్సర్ అన్నది తాను చూస్తున్నదాన్ని తానే తెరమీద చూపగలదు. కాబట్టి దానికి అద్దం అవసరం తీరిపోయింది. 2008లో పానసోనిక్ జి1తో లెన్సులు మార్చుకోగల మిర్రర్‌లెస్ కెమెరాలు బయలుదేరాయి. నేడు పెద్ద కంపెనీల దృష్టి దాదాపు అంతా వాటిమీదే ఉంది. నికాన్ 2018లో తెచ్చిన డి3500 ఆ వరుసలో చివరిది. దాని తయారీ కూడా ఆగిపోయింది.

మిర్రర్‌లెస్ గొప్పతనాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. తీయబోయే బొమ్మ ఎంత వెలుగుగా వస్తుందో, ఎంత చీకటిగా వస్తుందో మీట నొక్కకముందే తెలుస్తుంది. కొత్తవాటిలో చాలావరకు మనిషి కన్ను ఎక్కడుందో అవే వెతికి పట్టుకుంటాయి. డి.ఎస్.ఎల్.ఆర్.లో దృష్టిని సరిచేసే పరికరం సెన్సర్‌లో కాక వేరుగా, అద్దం కింద ఉంటుంది. ఆ రెంటికీ వెంట్రుకవాసి తేడా వచ్చినా బొమ్మలో కన్ను బదులు చెవి స్పష్టంగా వస్తుంది. పైగా డి3500లో దృష్టి నిలిపే బిందువులు పదకొండే. కన్నును తానుగా గుర్తించే నేర్పు దాని వ్యూఫైండర్‌కు లేదు. చేతిలో డబ్బు సమృద్ధిగా ఉన్నవారు మిర్రర్‌లెస్ కొనుక్కోవడమే ఉచితం. వారికి నా సలహాతో పనిలేదు.

నా వాదమంతా నలభై వేలున్నవారి గురించి. ఆ సొమ్ముతో కొత్త మిర్రర్‌లెస్ కొనబోతే పెట్టెకే డబ్బంతా సరిపోతుంది. దానితోపాటు ఇచ్చే జూమ్ లెన్సు వెలుగును పొదుపుగా లోనికి రానిస్తుంది. కొంచెం దగ్గరగా జూమ్ చేస్తే దాని ఎపర్చర్ ఎఫ్ 5.6 దగ్గరికి కుంచించుకుపోతుంది. అదే సొమ్ములో వాడిన డి3500 ఒకటి, ఎఫ్ 1.8 వరకు తెరుచుకునే 35 మి.మీ. లెన్సు ఒకటి సంపాదించవచ్చు. ఈ రెండు అంకెలకూ మధ్య వెలుగులో భేదం దాదాపు తొమ్మిదిన్నర రెట్లు. మా అమ్మ వంటగదిలోకి వెలుగు వచ్చేది కప్పులోని ఒకే ఒక గాజుపెంకు నుంచి. అక్కడ ఎఫ్ 1.8తో సెకనులో అరవయ్యోవంతు చాలిన బొమ్మకు, ఎఫ్ 5.6తో సుమారు ఆరోవంతు కావాలి. సెకనులో ఆరోవంతు సేపు బెండకాయ తరిగే చెయ్యి కదలకుండా ఉండదు. కెమెరా ఎంత తెలివిగా కన్నును పట్టుకున్నా, కదిలిన చెయ్యి అలుక్కుపోయే వస్తుంది.

మిర్రర్‌లెస్‌లకు కూడా ఎఫ్ 1.8 లెన్సులున్నాయి కదా అని విజ్ఞులు అడగవచ్చు. ఉన్నాయి. కాని అవి కొనడానికి మళ్ళీ కూడబెట్టాలి. పాత మిర్రర్‌లెస్ కొనవచ్చు కదా అన్నది మరొక ప్రశ్న. అదీ యోగ్యమైన దారే. అయితే తొలినాళ్ళవాటిలో బ్యాటరీ తొందరగా అయిపోతుంది. మసక వెలుతురులో తెర మీది దృశ్యం చుక్కలు చుక్కలుగా వణుకుతుంది. డి3500కు ఒకసారి చార్జి పెడితే 1,550 బొమ్మలు వస్తాయని తయారీదారు ప్రకటన. కరెంటు వచ్చిపోయే పల్లెలో ఇది చిన్న విషయం కాదు.

పాతది కొనేవారికి నాలుగు జాగ్రత్తలు. ఈ తరగతి నికాన్ పెట్టెలలో లెన్సును తిప్పే మోటారు ఉండదు. కనుక లెన్సులోనే మోటారున్న ఎ.ఎఫ్.-ఎస్. రకమే తీసుకోవాలి. చవకగా వచ్చిందని పాత 50 మి.మీ. డి రకం తీసుకుంటే దృష్టిని చేత్తోనే తిప్పుకోవాలి. రెండవది, లెన్సు గుండా టార్చిలైటు వేసి చూడాలి. మన కోస్తా చెమ్మకు గాజుల మధ్య సాలెగూడు వంటి బూజు పడుతుంది. మూడవది, ఆ కెమెరా ఎన్ని బొమ్మలు తీసిందన్న లెక్క దాని ఫొటోలోనే దాగి ఉంటుంది. ఒక ఫొటో అడిగి తెచ్చుకుని చూసుకోవాలి. నాలుగవది, తయారీ ఆగిపోయిన వస్తువుకు విడిభాగాలు రానురాను దుర్లభమవుతాయి. ఆ నష్టానికి సిద్ధపడే కొనాలి. లెన్సు మాత్రం వృథా పోదు. ఎ.ఎఫ్.-ఎస్. లెన్సును తగిన అడాప్టరుతో రేపటి నికాన్ మిర్రర్‌లెస్‌కు తగిలించినా పనిచేస్తుంది.

ఇదంతా విని మేనకోడలు ఊరుకోలేదు. "నాకు మంచి కెమెరా కావాలి మావయ్యా, నువ్వు పాతదే అంటగడుతున్నావు. ఇంకో ఆరునెలలు ఆగితే రెండూ కొనుక్కుంటాను కదా" అంది. ఆ ఆరునెలల మాట వినగానే నాకు మాట పెగల్లేదు. కాసేపటికి తేరుకుని, "ఉగాదికి ఇంటికి తాళం పడుతుంది తల్లీ" అన్నాను. నాన్నగారి సంగతి దానికి తెలియదు. ఆ వేళ చెప్పాను.

వాడిన డి3500ను, ఆ 35 మి.మీ. లెన్సును వారంరోజుల్లో వెదికి కొన్నాం. కిందటి శనివారం ఇద్దరం ఊరు వెళ్ళాం. మొదటి ఇరవై ఫొటోలూ చెడిపోయాయి. ఎఫ్ 1.8 దగ్గర స్పష్టంగా వచ్చే మేర సన్నటి గీతంత ఉంటుంది. అమ్మ తల కాస్త వంచితే కన్ను పోయి జడ నిలిచింది. ఎఫ్ 2.8కి తగ్గించుకుని, నడిమి బిందువుతో కన్నును పట్టి, ఒక్కొక్కటి నాలుగేసిసార్లు తీయమన్నాను. ఇంతలో మరొక చిక్కు. టపక్‌మనగానే అమ్మ కత్తిపీట వదిలి, కొంగు సవరించుకుని, పటంలోని నాన్నగారిలా బిగుసుకుని కూర్చునేది. చప్పుడు లేకుండా తీయగల మిర్రర్‌లెస్ ఉంటే ఈ బాధ ఉండేది కాదని పిల్ల నావైపు చూసింది. ఆ చూపు న్యాయమైనదే. నేనేమీ అనలేకపోయాను.

సాయంత్రానికి ఆ చప్పుడు అమ్మకు అలవాటయిపోయింది. "ఎన్ని తీస్తావే, గుప్పెడు మెతుకులు తిని తీద్దువుగాని" అని కసురుకుంటూ నవ్వింది. అప్పుడు తీసినది సరిగా వచ్చింది. పైపెంకు వెలుగు చెంపమీద పడి ఉంది, చేతిలో సగం తరిగిన బెండకాయ ఉంది. ఒక మూల కొంచెం చీకటి ఎక్కువయింది. మంచి కెమెరాతో ఇంకా బాగా వచ్చేదని అనేవారు అనవచ్చు, నేను కాదనను. నిన్న దాన్ని అచ్చు వేయించి తెచ్చి నాన్నగారి పటం పక్కన, దండ లేకుండా, పెట్టాను.