కాయ కోత మేలో, టార్గెట్ మార్చిలో

మా ఆగిరిపల్లి, నూజివీడు, చాట్రాయి పల్లెల్లో మామిడి రైతు చేతిలో నాలుగు డబ్బులు ఆడేది ఏప్రిల్ నెలాఖరు నుంచి జూన్ దాకా. బంగినపల్లి కోసి, కలెక్టరు రకం కాయ కూడా లారీ ఎక్కాక గానీ ఇంట్లో కొత్త ఖర్చు మాట ఎత్తరు. బీమా వాళ్ల లెక్కల ఏడాది మాత్రం మార్చి 31తో ముగుస్తుంది. ఈ రెండింటి మధ్య నలిగేది కొత్తగా ఏజెన్సీ తీసుకున్న కుర్రాళ్లే.

నిరుడు మార్చి ఆఖర్లో పక్క ఊరి కుర్రాడొకడు ప్రపోజల్ ఫారాలు పట్టుకుని తోటకు బయల్దేరితే తోడు వెళ్లాను. తోట పెద్దాయన పిందెలకు కవర్లు కట్టిస్తున్నాడు. తలెత్తకుండానే "కాయ కోశాక కనపడరా అబ్బాయ్" అన్నాడు. వీడికేమో టార్గెట్ పూర్తి చేయమని పైనుంచి ఫోన్ల మీద ఫోన్లు. వదలకపోయేసరికి, "సరేలే, మొదటి ప్రీమియంలో నీ కమీషన్ నాకొదిలెయ్, కడతాను" అని బేరం పెట్టాడు. అలా వదలడం బీమా చట్టం 41వ సెక్షన్ కింద తప్పు, 10 లక్షల దాకా జరిమానా ఉందని నేను చెబితే, "అందరూ ఇస్తున్నదే కదయ్యా" అని నవ్వాడు. ఆయనన్నదీ అబద్ధం కాదు.

పోనీ ఆ మార్చి 28న కట్టాడే అనుకోండి. వచ్చే ఏడు డ్యూ మళ్లీ మార్చి 28నే. గడువు మీద ముప్పై రోజులు. ఏప్రిల్ 27 నాటికి కాయ సగం చెట్టు మీదే ఉంటుంది. పాలసీ ల్యాప్స్. కుర్రాడికి రెండో ఏటి కమీషన్ లేదు, రైతు కట్టినదాంట్లోనూ చాలావరకు పోయినట్టే.

2024 అక్టోబరు నుంచి ఎల్ఐసీ కమీషన్ లెక్క మార్చింది. ఎక్కువ ఏళ్లు కట్టే ఎండోమెంట్ పాలసీల మీద మొదటి ఏడు 35 శాతం దాకా వచ్చేది 28 అయింది. 5 శాతం ఉన్న రెన్యువల్ 7.5 అయింది. పాలసీని నిలబెట్టినవాడికి ఎక్కువ ఇవ్వడం న్యాయమేనని నేనూ ఒప్పుకుంటాను, మా ఏజెంట్ల సంఘం వాళ్లకు కోపం వచ్చినా సరే. కానీ లెక్క వేసి చూడండి. 24,000 ప్రీమియం మీద మొదటి ఏడు 8,400 రావలసింది 6,720 వస్తుంది. రెండు, మూడు ఏళ్లు పాత రేటూ 7.5 శాతమే కాబట్టి తేడా లేదు. నాలుగో ఏటి నుంచి ఏటా 600 అదనం. పోయిన 1,680 తిరిగి చేతికి రావాలంటే ఆరో ఏడు రావాలి. నాలాంటి వాడికి పాత పాలసీల రెన్యువల్ ఉంది కాబట్టి ఇల్లు గడుస్తుంది. కొత్తవాడు ఆరేళ్లు ఏం తిని తిరుగుతాడు? బండికి పెట్రోలు ఎవరు పోస్తారు?

ఈ ఇబ్బంది ఎల్ఐసీకి తెలియకపోలేదు. 2024 డిసెంబరు 9న పానిపట్‌లో మొదలైన బీమా సఖి పథకంలో కొత్త మహిళా ఏజెంట్లకు నెలకు మొదటి ఏడు 7,000, రెండో ఏడు 6,000, మూడో ఏడు 5,000 ఇస్తున్నారు. ఏడాదికి 24 పాలసీలు చేయాలి, ముందు ఏటి పాలసీల్లో 65 శాతం నిలబడి ఉండాలి. షరతు మంచిదే, కాకపోతే మార్చి డ్యూలతో మా వైపు ఆ 65 దాటడం కష్టం. ఏజెంట్ల కూతుళ్లకు ఇందులో చోటు లేదు, మా అమ్మాయి అడిగితే అదే చెప్పాను. మగపిల్లలకైతే అసలే లేదు.

డబ్బొక్కటే కాదు లెండి, వెంట ఉండి నేర్పేవాళ్లూ కావాలి. నేను ఏజెన్సీ తీసుకున్న కొత్తలో డెవలప్‌మెంట్ ఆఫీసరు గారు స్కూటర్ వెనక కూర్చోబెట్టుకుని ఊళ్లు తిప్పారు. ఒక డెత్ క్లెయిమ్‌కు కాగితాలన్నీ ఆ ఇంటి అరుగు మీదే రాయించారు. ఆ ఊళ్లో తర్వాత నన్ను ఎవరూ కమీషన్ వదలమనలేదు. ఇప్పటి పిల్లలకు పాతిక గంటల శిక్షణ, ఏజెంటు కావడానికి రాసే ఐసీ-38 పరీక్ష, ఆపైన ఒక వాట్సాప్ గ్రూపు.

కొత్త ఏజెంటుకు మొదటి మూడేళ్లు, ఆడైనా మగైనా, బీమా సఖి లాంటి భృతి ఇవ్వాలి. మామిడి మండలాల్లో టార్గెట్ లెక్క జూన్ ఆఖరున చూడాలి. కొత్తవాణ్ని చేర్చుకున్న పై అధికారి ప్రోత్సాహకంలో కొంత ఆపి, వాడి పాలసీలు మూడో ఏడు కూడా నిలబడి ఉంటేనే విడుదల చేయాలి. ఆ పని చేస్తే మార్చిలో ఫోన్లు వాటంతటవే తగ్గుతాయి.