ఠాణా గడపయు, పౌరుని గౌరవమును

2024 సంవత్సరము ఆగస్టు 15వ తేదీ స్వాతంత్ర్యదినోత్సవ సందర్భమున కేంద్రప్రభుత్వమువారు పోలీసు, అగ్నిమాపక, హోంగార్డు, కారాగారాది శాఖలకు జెందిన 1037 మందికి పతకములను ప్రకటించిరి. శౌర్యమునకుగాను రాష్ట్రపతి యొసగు పతకము మాత్రము ఆ పట్టికలో దేశమంతటికిని ఒక్కరికే లభించినది. ఆ యొక్కరు కమీషనరు కారు, సూపరింటెండెంటు కారు. సైబరాబాదు పోలీసు శాఖలో హెడ్డు కానిస్టేబులగు శ్రీ చదువు యాదయ్యగారు. 2022 జూలై మాసమున, స్త్రీల మెడలలోని గొలుసులను తెంపుకొనిపోవుటయందును, దొంగతుపాకుల వ్యాపారమునందును ఆఱితేఱిన యిద్దఱు దుండగులను పట్టుకొనబోయినపుడు, వారాయనను కత్తితో పలుమాఱులు పొడిచిరి. ఎదురుఱొమ్మునను, వీపునను, ఎడమచేతను, కడుపునను గాయములై రక్తము ధారలుగా కారుచుండినను ఆయన పట్టు విడువలేదు. నేరస్థులు చిక్కిరి, ఆయన పదునేడు దినములు వైద్యాలయమున పడియుండెను.

ఈ వార్తను తెలుగువారందఱును గర్వముతో చదివియుందురు. కాని మాకు గర్వముతోపాటు మఱియొక యాలోచనయు కలిగినది. మన దేశమున పోలీసు కానిస్టేబులనిన మర్యాదస్థులకు చులకన, బీదవారికి భయము. చులకన చేయువాడును, భయపడువాడును అతనిని తనవానిగా నెంచడు. అట్టి యుద్యోగి యొకడు, ముక్కు మొగము తెలియని స్త్రీల మెడలోని సొత్తుకొఱకు తన ప్రాణమును పణముగా నొడ్డినాడు. అతడు కాపాడినది వట్టి బంగారమే కాదు. పోలీసువారిపై ప్రజలకుండదగిన విశ్వాసమును గూడ. ఆ విశ్వాసమును పెంచుటకు శాఖవారు పది సంవత్సరములుగా చేయుచున్న ప్రయత్నము లెట్టివి, అవి యెంతవఱకు ఫలించినవి, ఎచ్చట విఫలమైనవి అను విషయమును ముచ్చటింప నిదియే తగిన సమయమని తోచుచున్నది.

మన పోలీసు వ్యవస్థ పుట్టుకయందే యొక లోపము గలదు. 1857 నాటి విప్లవమును చూచి బెదరిన పాలకులు 1861లో పోలీసు చట్టమును చేసిరి. మదరాసు రాజధానికి అంతకు రెండేండ్లు ముందే, 1859లో, వేఱుగ చట్టము వచ్చినది. ప్రజలను అణచియుంచుట యీ యేర్పాటునకు ముఖ్యోద్దేశము. ప్రజలకు సేవచేయుట ప్రసక్తానుప్రసక్తముగ వచ్చిన విషయము. 1902లో నియమింపబడిన ఫ్రేజరు సంఘమువారు, తెల్లదొరల ప్రభుత్వము నియమించినవారే యయ్యును, పోలీసులు అసమర్థులనియు, లంచగొండులనియు, పీడకులనియు దాపఱికము లేక వ్రాసిరి. తెల్లదొరలు పోయిరి, వారి చట్టము పెక్కుచోట్ల నిలిచినది.

అయితే మన ప్రాంతమున వేఱొక సంప్రదాయము గూడ నుండెననుట మఱవరాదు. 1920 మొదలు 1934 వఱకు హైదరాబాదు నగరమునకు కొత్వాలుగ నుండిన రాజబహద్దరు వేంకటరామారెడ్డిగారిని తలచుకొనుడు. నిజాము ప్రభువు కొలువున కొత్వాలు పదవి సామాన్యమైనది కాదు. నగరమంతయు ఆయన కనుసన్నల మెలగవలసినదే. అట్టివాడు 1918లో రెడ్డి విద్యార్థివసతిగృహ స్థాపనకు పూనుకొని, పల్లెటూళ్లనుండి వచ్చు బాలురకు నీడయు, కూడును, పుస్తకమును సమకూర్చెను. తెలంగాణమున తెలుగు చదువునకు ఆ వసతిగృహము చేసిన యుపకార మింతంత కాదు. ఠాణాను నడుపుట తెలిసినవాడే బడిని నడుపుటకును పూనుకొనెను; ఒకటి రెండవదానికి అడ్డు కాలేదు. హైదరాబాదునకు వెలుపల నున్న పోలీసు శిక్షణాలయమునకు ఆయన పేరే యున్నది. అచ్చట కవాతు చేయు యువకులలో నెందఱకు ఆ పేరు వెనుకనున్న కథ తెలియునో!

ఇక నేటి కాలమునకు వత్తము. 2014 అక్టోబరు 24వ తేదీని హైదరాబాదులో 'షీ టీములు' అను దళము లేర్పడి, మఱుసటి సంవత్సరము రాష్ట్రమంతటికిని వ్యాపించినవి. బస్సులు నిలుచుచోట్లను, కళాశాలల యొద్దను, అంగళ్లలోను మామూలు దుస్తులతో నిలుచుండి, స్త్రీలను వేధించువారిని సాక్ష్యముతోసహా పట్టుకొనుట వీరి పని. పట్టుబడినవాడు పిన్నవాడైనచో తల్లిదండ్రులను పిలిపించి వారి యెదుట మందలించి పంపుదురు. పెద్దవాడై, మరల చేసినచో న్యాయస్థానమునకు పంపుదురు. తల్లిదండ్రులు తలదించుకొని కూర్చుండు ఆ గడియ, కుఱ్ఱవానికి పది దెబ్బలకన్న నెక్కువ బుద్ధి గఱపునని మా నమ్మకము. 2016లో హైదరాబాదున 'భరోసా' కేంద్ర మేర్పడినది. అత్యాచారమునకు గుఱియైన స్త్రీలును, పిల్లలును ఠాణాలు, ఆసుపత్రులు, కచేరీల చుట్టును తిరుగు బాధ లేకుండ వైద్యము, న్యాయసహాయము, వాఙ్మూలము ఒక్కచోటనే జరుగునట్లు చేయుట దాని యుద్దేశము. 2024 డిసెంబరులో దాదాపు నలుబదిమంది ట్రాన్స్‌జెండరు వ్యక్తులను నగరపు ట్రాఫిక్కు సహాయకులుగ తీసికొనిరి. నిన్నటివఱకు కూడలిలో చేయిచాచి నిలిచిన మనుష్యుడు అదే కూడలిలో చేయెత్తి బండ్ల నాపుచున్నాడనిన, అది చిన్న మార్పు కాదు.

కెమెరాల సంగతి మఱింత విచారింపదగినది. 2013 ఫిబ్రవరి 21వ తేదీని దిలుసుఖనగరమున బాంబులు ప్రేలి పదునెనిమిదిమంది నిష్కారణముగ బలియైన పిమ్మట, ఆ సంవత్సరమే ప్రజాభద్రతా చట్టము వచ్చి, నూఱుమందికి తక్కువ గాకుండ జనులు గుమిగూడు స్థలములందెల్ల నిఘా కెమెరాల నుంచవలెనను విధి యేర్పడినది. తరువాత 'నేను సైతం' అను పేర, వీధివారును వర్తకులును చందాలు వేసికొని తమ వాడలయందు కెమెరాల నమర్చుకొనుటకు పోలీసువారు ప్రోత్సహించిరి. మా పాఠకులలో పెక్కుమంది యిందులకు చందా లిచ్చినవారే. దొంగ దొరకుట కివి మిక్కిలి తోడ్పడుచున్నవనుటలో సందేహము లేదు.

కాని కెమెరా బొమ్మను చూపునేగాని న్యాయమును చూపదు. 2023 జనవరిలో, మెదకున జరిగిన గొలుసు దొంగతనమును గూర్చి, కెమెరాలోని పోలికనుబట్టి ఒక కూలివానిని పోలీసువారు పట్టుకొనిపోయిరి. విడిచిపెట్టిన కొలది దినములకు, ఫిబ్రవరిలో, అతడు హైదరాబాదు ఆసుపత్రిలో మరణించెను. ఠాణాలో కొట్టిన దెబ్బలచేతనే పోయెనని కుటుంబమువారు మొఱపెట్టిరి. ఉన్నత న్యాయస్థానమువారు ఆ విషయమును తమంతట తామే విచారణకు గైకొనిరి. గొలుసు దొంగను పట్టుటకై ఒక కానిస్టేబులు కత్తిపోట్లు తినెను. గొలుసు దొంగయను అనుమానముచే ఒక బీదవాని బ్రతుకు తెల్లవాఱెను. ఈ రెండింటికిని నడుమ గడచినది ఆఱు మాసములే. శాఖ యొక్కటే, ప్రజలొక్కరే. మొదటిదానిని చెప్పి రెండవదానిని దాచుట పత్రికాధర్మము గాదు.

2019 నవంబరు 27వ తేదీ రాత్రి శంషాబాదు సమీపమున ఒక యువతి, పశువైద్యురాలు, చంపబడిన వృత్తాంతము దేశమునంతటిని కలచివైచినది. ఆ రాత్రి బిడ్డ యింటికి రాలేదని పరుగెత్తిన కుటుంబమువారికి, ఇది మా సరిహద్దు కాదు, మఱొక ఠాణాకు పొండు అను ప్రత్యుత్తరము వచ్చినది. తరువాత ముగ్గుఱు పోలీసువారిని సస్పెండు చేసిరి. సరిహద్దు రాళ్లు పొలములకుండును గాని, ఆర్తనాదమునకుండునా? దానికి తరువాయిగ డిసెంబరు 6వ తేదీని నిందితులు నలుగురును పోలీసుల తుపాకులకు బలియైరి. ఆనాడు జనులు పోలీసులపై పూలు చల్లిరి. చల్లినవారిలో చదువుకొన్నవారు తక్కువగా లేరు. సుప్రీముకోర్టు నియమించిన సిర్పుర్కరు సంఘమువారు 2022లో తమ నివేదికయందు, చంపు నుద్దేశముతో కావలెననియే కాల్చిరని తేల్చిచెప్పిరి. నేరము రుజువు కాకమునుపే ప్రాణము తీయుటకు చప్పట్లు కొట్టినవారు, ఱేపు తమ యింటివాని నెవడైన ఠాణాకు లాగుకొనిపోయినపుడు ఏ చట్టమును ఆశ్రయింతురు? ఆ పూలనుగూర్చి వ్రాయుటకు మాకు సిగ్గగుచున్నది. అయినను వ్రాయక తప్పదు. నలుబదియెనిమిది గంటలు గడవకుండ కనిపెట్టి పట్టుకొన్న నేర్పు పోలీసువారిదే. ఆ నేర్పును న్యాయస్థానమునం దుంచి గెలుచు నవకాశమును పోగొట్టుకొన్నవారును వారే.

ప్రజలతో మైత్రి యనునది ఇట్టి సందర్భములలోనే పరీక్షకు నిలుచును. ఈ మైత్రినిగూర్చి మన పొరుగువారి యనుభవ మెట్టిదో చూతము. కేరళమున 2008లో 'జనమైత్రి' యనునది యారంభమైనది. నియమితుడగు బీటు పోలీసు తన హద్దులోని ప్రతి యింటికిని వెళ్లి, ఇంటివారి మంచిచెడ్డల నెఱిగియుండవలెను. ఇందు ధనికుని మేడయు, కూలివాని గుడిసెయు సమానమే. తమిళనాట 1993లోనే 'పోలీసుమిత్రులు' అను స్వచ్ఛందదళ మేర్పడినది. మొదట మంచి పేరు పొందినదే. కాని జవాబుదారి లేని మిత్రుడు క్రమముగ చిన్నపోలీసగునను భయము నిజమై, 2020లో సాత్తాంకుళము ఠాణాలో తండ్రీకొడుకులు హింసింపబడి మరణించిన పిమ్మట ఆ దళముపై నిషేధము విధింపవలసివచ్చినది. పోలీసువారు ప్రజల యిండ్లకు వచ్చుట మైత్రి. ప్రజలలో కొందఱకు లాఠీ నిచ్చుట మైత్రి కాదు.

ఇచ్చట మా పాఠకులతో నొకమాట మొగమోటము లేక చెప్పవలసియున్నది. మన యూళ్లలో శాంతిసంఘములును, సలహాసంఘములును కలవు. వినాయకచవితికిని, మొహర్రమునకును ముందు సమావేశము జరుగును. తేనీరు, ఫలహారము, పొగడ్తలు. అందు కూర్చుండువా రెవరు? భూస్వాములు, మిల్లు యజమానులు, పేరుగల వర్తకులు, పలుకుబడిగల నాయకులు. ఠాణాకు పోవలసిన యవసర మెక్కువగా గలవాడు, అనగా కౌలుదారు, కూలి, ఆటో నడుపువాడు, ఇండ్లలో పని చేయు స్త్రీ, అచ్చట కానరాడు. పూర్వము ఆంధ్రదేశపు గ్రామములలో మునసబును, తెలంగాణమున పోలీసు పటేలును ఉండిరి. తగవులను ఠాణా మెట్లెక్కకుండ తీర్చినవారు కలరు, ఠాణాను తమ పగలు తీర్చుకొనుటకు పనిముట్టుగ వాడుకొన్నవారును కలరు. 1984లో ఆ పదవులు రద్దైనవి. పదవి పోయినను పలుకుబడి పోలేదు. నేటికిని పల్లెలో ఎవని ఫిర్యాదు వ్రాసికొనవలెను, ఎవనిది త్రోసిపుచ్చవలెను అను ప్రశ్న యొక ఫోనుమాటతో తీరుచున్నదనిన, ఆ ఫోను చేయుచున్న చేయి యెవరిది? పోలీసువారిని నిందించుటకు ముందు మనము ఆ చేతిని చూచికొనవలసియున్నది.

చట్టమునందు లోపమున్నదనుటకు వీలులేదు. కేసు నమోదు చేయదగిన నేరమును తెలుపు ఫిర్యాదు వచ్చినచో వ్రాసికొని తీరవలెనని సుప్రీముకోర్టువారు 2013 నవంబరులో లలితకుమారి వ్యాజ్యమున తీర్పు చెప్పిరి. 2024 జూలై 1వ తేదీనుండి అమలునకు వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత, నేరమెచ్చట జరిగినను ఏ ఠాణాలోనైనను ఫిర్యాదు వ్రాసికొనవలెనని 173వ సెక్షనున స్పష్టముగ విధించినది. దాని ప్రతిని వెల లేకుండ నీయవలెను. కంప్యూటరు మూలమున పంపిన ఫిర్యాదుపై మూడు దినములలో వచ్చి సంతకము చేసిన చాలును. మూడేండ్లకు తక్కువ గాక, ఏడేండ్లకు లోబడిన శిక్షగల కొన్ని నేరములయందు పదునాలుగు దినముల ప్రాథమిక విచారణకు అవకాశ మీయబడినది. ఇది బీదవానిని త్రిప్పిపంపుటకు సాకు గాకుండ చూడవలెను. ఇక ఠాణా లోపల కెమెరాల నుంచవలెనని 2020 డిసెంబరు 2వ తేదీని సుప్రీముకోర్టు ఆజ్ఞాపించినది. వీధిలో కెమెరాలకు చందా లడుగుటకు చూపిన యుత్సాహము, ఠాణా గదులలోని కెమెరాలు చెడకుండ చూచుటయందును చూపినచో ప్రజలు సంతసింతురు.

కానిస్టేబులు పక్షమునను చెప్పవలసినది లేకపోలేదు. పండుగనాడు మనము ఇంట నుందుము, అతడు బందోబస్తులో నుండును. మంత్రి రాకకు గంటలకొలది ఎండలో నిలుచును. ఆంధ్రప్రదేశమున వారమున కొకదినము సెలవు అనునది 2019లోగాని ప్రవేశపెట్టబడలేదు. అట్టి యేర్పాట్లు కాగితముమీద నుండుట వేఱు, అక్కఱకు వచ్చుట వేఱు. నిద్రలేని మనుష్యుని నోట మృదుభాషణము నెట్లు వినగలము? పైయధికారిని రాజకీయ మొత్తిడి రెండేండ్లైన నొకచోట నిలువనీయకున్న, క్రిందివానికి ధైర్య మెట్లు కలుగును? ముఖ్యాధికారులకు కనీసము రెండేండ్ల పదవీకాలము నీయవలెననియు, పోలీసుపై ఫిర్యాదులను విచారించుటకు ప్రత్యేకాధికారసంఘములు నెలకొల్పవలెననియు 2006లోనే ప్రకాశసింగు వ్యాజ్యమున తీర్పు వచ్చినది. పలు రాష్ట్రములు దానిని పేరునకు పాటించి, సారమును విడిచినవి.

ప్రతి సంవత్సరమును అక్టోబరు 21వ తేదీని, 1959లో లడాకున చైనీయుల కాల్పులకు బలియైన పదిమంది పోలీసులను స్మరించుచు, అమరవీరుల దినమును జరుపుదురు. ఆ దినమున జిల్లా కేంద్రములలో తుపాకులు వంచి మౌనము పాటింతురు. పతకములు పొందినవారి పేర్లు ఆగస్టునను, జనవరిలోను ప్రకటింపబడును. అదే పట్టికతోపాటు, ప్రతి జిల్లాలోను ఎన్ని ఫిర్యాదులు ఠాణాలో వ్రాసికొనబడక పైయధికారులవఱకు పోవలసివచ్చినవో, ఆ యేట పోలీసు నిర్బంధమున నెందఱు మరణించిరో, వారినిగూర్చిన విచారణ లెచ్చట నాగినవో, ఠాణాలవారీగ తెలుగున అచ్చొత్తించి పంచాయతీ కచేరీలయందు అంటింపవలెనని రెండు రాష్ట్రముల ప్రభుత్వములను కోరుచున్నాము. వచ్చు జనవరి 26వ తేదీనుండియే దీనిని ప్రారంభింప వచ్చును. దీనికి క్రొత్త చట్టముగాని, అధిక ధనముగాని అక్కఱలేదు.