పన్నెండు ఫొటోల తాత, మూడొందల ఫొటోల మనవరాలు

1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకు వచ్చింది. ఆ వరదకి మా బాబాయ్ తీసినవి మొత్తం పన్నెండు ఫొటోలు. యాషికా కెమెరాలో ఒక్క రీలే ఉంది, రీలుకి పన్నెండే వస్తాయి మరి! 2022 జులైలో నీళ్లు 71.3 అడుగులకు ఎక్కినప్పుడు మా అన్న కూతురు ఒక్క పూటలో మూడొందలు తీసింది. ఫోన్ నిండిపోయిందని ఆపింది గానీ లేకపోతే ఇంకా తీసేదే.

మొన్న పండక్కి ఇద్దరూ ఒకే ఇంట్లో దొరికారు. "తాత నిలబడ్డ చోటే నువ్వూ నిలబడి, అటే తిరిగి ఒకటి తియ్యి" అన్నాను దాంతో. దీన్నే రీఫొటోగ్రఫీ అంటారు. పాత ఫొటో, కొత్త ఫొటో పక్కపక్కన పెడితే ఏం మారిందో, ఏం మారలేదో చెప్పకనే తెలిసిపోతుంది.

గోదావరి ఒడ్డుకెళ్లాం. తీరా చూస్తే బాబాయ్ నిలబడ్డ చోటే లేదు! ఆ వరద తర్వాత కట్టిన కరకట్ట కింద కలిసిపోయింది. 1965లో మొదలైన పాత వంతెన మాత్రం రెండు ఫొటోల్లోనూ ఉంది. కొత్త దాంట్లో దాని పక్కన రెండో వంతెన కూడా చేరింది.

మర్నాడు కూనవరం వైపు వెళ్లాం. ఒకప్పుడు ఖమ్మం జిల్లా, 2014 నుంచి ఆంధ్రప్రదేశ్. బాబాయ్ అక్కడి సంతకి కెమెరా తీస్కెళ్లి ఫొటోలు తీసేవాడు, మళ్లీ సంతకి ప్రింట్లు ఇచ్చేవాడు. ఓ కోయ అవ్వ ఆయన్ని గుర్తుపట్టి, "మా ఆయన ఫొటో నీకాడ ఉందా?" అనడిగింది. 2022 వరదలో ట్రంకుపెట్టె పోయిందట. ఉన్న ఒక్క ఫొటో దాంట్లోనే ఉందట.

ఇంటికి రాగానే బాబాయ్ అటక మీంచి రేకు డబ్బా దింపాడు. కవర్ల మీద ఊరు, తేదీ అన్నీ రాసున్నాయి. గంటలో నెగెటివ్ దొరికింది. కడగడానికి స్టూడియో ఎక్కడుంది ఇప్పుడు? మా పిల్ల ఒక ఫోన్‌లో తెల్ల స్క్రీన్ పెట్టి, దాని మీద నెగెటివ్ పరిచి, ఇంకో ఫోన్‌తో ఫొటో తీసింది. ఎడిటింగ్‌లో రంగులు తిరగేసింది. అంతే, తలపాగా కట్టుకున్న కుర్రాడు నవ్వుతూ బయటికొచ్చాడు. బాబాయ్ కాసేపు ఏం మాట్లాడలేదు.

"రేపెళ్లి అవ్వకి చూపిద్దాం తాతా" అంది.

"చూపించి మళ్లీ నీ జేబులో పెట్టుకొస్తావా? కాయితం మీద వేయించి ఇవ్వాలే అమ్మాయ్."

వేయించి ఇచ్చాం. అవ్వ కొంగుతో తుడిచి మరీ చూసుకుంది.

తిరిగొచ్చేటప్పుడు మా పిల్ల ఫోన్‌లో ఇంకో సంగతి చూపించింది. 1941లోనే హైమన్‌డార్ఫ్ అనే ఆస్ట్రియా పరిశోధకుడు పాపికొండల్లో కొండరెడ్ల మధ్య తిరిగాడు. 1945లో వాళ్ల మీద పుస్తకం వేశాడు. ఆయన తీసిన ఫొటోలు లండన్‌లోని సోయాస్ విశ్వవిద్యాలయంలో ఉన్నాయి. చాలావరకు ఆన్‌లైన్‌లో చూడొచ్చు. "ఈ ఊళ్లన్నీ తిరిగి మళ్లీ తీద్దాం తాతా" అంది ఉత్సాహంగా. బాబాయ్ నది వైపు చూశాడు. గోదావరి వెంబడి చాలా ఊళ్లు పోలవరం ముంపులో ఉన్నాయి. రేపు వాటిలో నిలబడ్డానికి నేలే ఉండదు. తియ్యాలంటే ఇప్పుడే తియ్యాలి.

"సరే, పోదాం. ముందు ఇది చెప్పు, నీ పదో తరగతి ఫొటోలేవి?" అన్నాడు.

దాని మొహం వాడిపోయింది. అవన్నీ నీళ్లలో పడ్డ పాత ఫోన్‌తోపాటే పోయాయి.

మీ ఊళ్లో కూడా మూతపడ్డ స్టూడియో ఒకటి ఉండే ఉంటుంది. దాని ఓనరు ఏ అరుగు మీదో పేపరు చదువుకుంటూ ఉంటాడు. రెండు ఫోన్లు తీస్కుని వెళ్లి పలకరించండి. డబ్బా దింపేటప్పుడు నిచ్చెన మాత్రం మీరే పట్టుకోండి, పెద్దాయన పడితే కష్టం.