మెట్లక్రింద పెట్రోలు వాసన

ముస్లిం కుటుంబాలలో తండ్రి వాడిన మోటారు సైకిలును కుమారుడు కూడా వాడుకోవడం మనం తరచుగా చూస్తుంటాము. ఉన్న వస్తువును పారవేయక, దుబారాకు పోక, చివరివరకు ఉపయోగించుకోవడం మెచ్చదగిన గుణం. అయితే వస్తువు పాతబడేకొద్దీ దానిపట్ల శ్రద్ధ పెరగాలి. పాత బండిలో అలాంటి శ్రద్ధ కోరే చిన్న భాగం ట్యాంకు క్రింద ఉండే పెట్రోల్ కాక్.

రాత్రి బండిని మెట్లక్రింద నిలిపి తలుపు వేస్తాము. ఫజ్ర్ నమాజుకు లేచిన ఇల్లాలికి పెట్రోలు వాసన తగులుతుంది. ఆమె ఆ మాట చెబితే, “పాత బండి అన్నాక ఆ మాత్రం వాసన ఉండదా?” అనే జవాబు వస్తుంది. నేలమీద తడి కనిపించదు కనుక ఆ జవాబు నిజమే అనిపిస్తుంది. కాని పెట్రోలు నీటివలె నిలిచి ఉండదు, త్వరగా ఆవిరైపోతుంది. ఆ ఆవిరి గాలికంటె బరువైనది. పైకి పోక నేలను అంటిపెట్టుకొని ప్రక్క గదులలోకి ప్రాకుతుంది. అది వంటగది పొయ్యిని చేరితే చాలు, ఇల్లు అంటుకోవచ్చు. పది సెకన్లకు ఒక్క చుక్క కారినా రోజుకు 8,640 చుక్కలవుతాయి.

నిద్రించేముందు ఇంట్లోని నిప్పును ఆర్పివేయమని దైవప్రవక్త (సఅసం) ఆదేశించారు. ఎలుక దీపపు వత్తిని ఈడ్చుకుపోయి ఇంటిల్లిపాదినీ అగ్నికి ఆహుతి చేయవచ్చునని కారణం కూడా తెలియజేశారు. అల్లాహ్‌పై అందరికంటె ఎక్కువ భరోసా ఉంచిన మహనీయులే ఒక ఎలుక వలన రాగల ముప్పును ముందుగా గుర్తించి హెచ్చరించారంటే, జాగ్రత్త తవక్కుల్‌కు విరుద్ధం కాదని స్పష్టమవుతోంది. భార్యాబిడ్డల ప్రాణాలు మనవద్ద ఉన్న అమానతు. కనుక ఇల్లాలు చెప్పిన వాసనను తేలికగా తీసుకోరాదు.

ఆ వాసన ఎక్కడినుండి వస్తున్నదో ముందు తెలుసుకోవాలి. కాక్‌ను పొడిగుడ్డతో తుడిచి కొంతసేపు గమనించండి. ట్యాంకుకు, కాక్‌కు మధ్య తడి చేరితే అక్కడి వాషరు పాడైనట్లు. త్రిప్పే పిడి వద్ద చెమ్మగిల్లితే దాని వెనుకనున్న రంధ్రాల రబ్బరు బిళ్ళ అరిగినట్లు. పైపు చివర బీటలు వారి ఉంటే పైపునే మార్చాలి. ఆఫ్‌లో ఉంచినా పెట్రోలు దిగుతూనే ఉంటే కాక్ సరిగా మూసుకోవడం లేదన్నమాట. అప్పుడు కార్బురేటరు సూది కూడా అరిగి ఉంటే పెట్రోలు ఇంజనులోకి దిగి ఆయిలును పలుచన చేస్తుంది. ఆయిలులో పెట్రోలు వాసన వస్తే దానిని మార్చకుండా బండి నడపరాదు.

ఇప్పుడు మన దేశంలో పెట్రోలులో 20 శాతం వరకు ఇథనాల్ కలుపుతున్నారు. పాత బండ్ల రబ్బరు దీనికోసం తయారైనది కాదు కనుక త్వరగా పాడయ్యే అవకాశం ఉంది.

మరమ్మతు పెద్ద పని కాదు. ఇంజను చల్లబడిన తరువాత, ఆరుబయట, నిప్పుకు, సిగరెట్టుకు, పిల్లలకు దూరంగా చేయాలి. ట్యాంకులోని పెట్రోలును మూత గట్టిగా ఉన్న డబ్బాలోకి దించాలి. త్రాగునీటి సీసాలో పోయకండి, పిల్లలు నీరని పొరబడవచ్చు. కాక్‌ను విప్పి, జాలీని శుభ్రపరచి, రబ్బరు బిళ్ళను, వాషర్లను క్రొత్తవి వేయాలి. రివిట్లతో బిగించిన కాక్ అయితే మొత్తంగా మార్చడమే మేలు. మరలను అతిగా బిగిస్తే మెత్తని లోహంలోని గాడులు చెడిపోతాయి. తరువాత కొద్దిగా పెట్రోలు పోసి ఆన్, రిజర్వు, ఆఫ్ మూడింటిలోనూ క్రింద కాగితం పరచి పరీక్షించాలి. చేతకాకపోతే మెకానిక్కుకు అప్పగించండి. కారుతున్నచోట సబ్బు రుద్ది నెలల తరబడి నెట్టుకురావడం మరమ్మతు కాదు.

ఇక ధర్మశాస్త్ర సంబంధమైన రెండు మాటలు. పెట్రోలు నజిస్ కాదు. అది బట్టలపై పడినంత మాత్రాన నమాజు చెల్లకపోదు. అయితే పచ్చి వెల్లుల్లి తిని మసీదుకు రావద్దన్న ఆదేశం వెనుక సాటి నమాజీలకు ఇబ్బంది కలగరాదన్న ఉద్దేశం ఉంది. కనుక ఆ వాసన పోయేలా కడుక్కొని, బట్టలు మార్చుకొని వెళ్ళడం మర్యాద. పెట్రోలు కారే బండిని జుమా రోజున ఇతరుల బండ్ల నడుమ నిలపడం కూడా ఇతరులకు హాని తలపెట్టడమే.

రెండవది అమ్మకం. కారుతున్న కాక్‌ను తుడిచి, ట్యాంకు దాదాపు ఖాళీ చేసి, కొనేవానికి చూపేవారున్నారు. అంగడిలో ధాన్యపు రాశిలోనికి చేయి పెట్టి అడుగున తడిని కనుగొన్న దైవప్రవక్త (సఅసం), ఆ తడిని పైకి కనబడేలా ఎందుకు ఉంచలేదని వర్తకుని నిలదీశారు. మోసగించేవాడు తమవాడు కాడని హెచ్చరించారు. ఇక్కడ దాచినది ధాన్యపు తడి కాదు, మరొక ఇంటిని కాల్చగల లోపం. బాగుచేసి అమ్మండి, లేదా చెప్పి అమ్మండి.

అల్లాహ్ మన ఇళ్ళను అగ్నిప్రమాదాలనుండి కాపాడుగాక! మన చేతులవలన, మన వస్తువులవలన ఎవరికీ హాని కలగని జీవితాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.