డాక్టరు ఇన్సూరెన్సు డాక్టరు సొంత విషయం కాదు



పోయిన నెల కూటంలో ఒక పెద్దాయన లేచి, “డాక్టర్లకి ఇన్సూరెన్సు ఏంది, అది అమెరికా రోగం. మన ఊర్లో పేషెంటుకీ డాక్టరుకీ నమ్మకం ఉంటే చాలు” అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టినారు. కొట్టినవాళ్ళల్లో మన డాక్టర్లు కూడా ఉన్నారు. ఆ మాట తప్పు. ఇండ్లు కూల్చే మాట. అందుకే ఇంత పొడుగు రాయాల్సి వచ్చింది.

మేము రైల్వేలో గుమాస్తా పని చేసినవాళ్ళం. రైలు ప్రమాదంలో ప్రయాణికుడు చనిపోతే 1989 రైల్వే చట్టం 124వ సెక్షన్ కింద, తప్పు ఎవరిది అని అడగకుండానే పరిహారం ఇవ్వాల. 2017 జనవరి నుండి అది 8 లక్షలు. డ్రైవరు మంచోడా చెడ్డోడా అని అక్కడ ఎవరూ విచారించరు, డ్రైవరు ఇల్లు అమ్మించరు. రోడ్డు మీదకి రండి. మోటారు బండికి థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు లేకుండా తిప్పకూడదని 1988 మోటారు చట్టం. మొపెడ్‌ని ఇన్సూరెన్సు అడిగే దేశంలో, రోజూ కడుపులు కోసే నర్సింగ్ హోమ్‌ని “నీ పాలసీ ఏదీ” అని అడిగేవాడు లేడు. దీన్ని నమ్మకం అంటారా?

నమ్మకం చాలు అనేవాళ్ళు 1995 నవంబరు 13ని మరిచిపోయినారు. దుడ్డు తీసుకొని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని ఆ రోజు సుప్రీంకోర్టు తేల్చింది. 2019లో కొత్త చట్టం వచ్చినప్పుడు అందులో వైద్యం అనే మాట లేదు, తప్పించుకున్నాం అని కొందరు సంబరపడినారు. 2021లో బొంబాయి హైకోర్టు అది కుదరదంది, 2022లో సుప్రీంకోర్టు కూడా ఆ వాదాన్ని తోసేసింది. వైద్యానికి కట్టింది 5 లక్షల లోపల అయితే, జిల్లా కమిషన్‌లో ఫిర్యాదు వేసేదానికి ఫీజు కూడా లేదు.

ఎంత కట్టాల్సి వస్తుందో చూడండి. హైదరాబాదు నిమ్స్‌లో 1990లో ఆపరేషన్ అయి నడుము కింద చచ్చుబడిన ఇంజనీరింగ్ విద్యార్థికి 2009లో సుప్రీంకోర్టు కోటి రూపాయలు ఇమ్మంది. కోల్‌కతా కేసులో 2013లో దగ్గరదగ్గర 6 కోట్లు, దానిమీద వడ్డీ. అందులో ముగ్గురు డాక్టర్లు 10, 10, 5 లక్షలు, మిగిలినదంతా ఆస్పత్రి కట్టాల. మన చెన్నై ఎగ్మూరు ప్రభుత్వ ఆస్పత్రిలో 1996లో నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకి కంటి పరీక్ష చేయించమని చెప్పకపోయినందుకు, చూపు పోయిన ఆ బిడ్డకి 2015లో సుమారు 1 కోటి 80 లక్షలు. పుట్టినది 1996, తీర్పు 2015. ఆ రెండు సంవత్సరాలు గుర్తుపెట్టుకోండి, మళ్ళీ పని పడుతుంది.

ఇక పాలసీ ఉంది అని గుండె మీద చెయ్యి వేసుకొనే డాక్టర్లకి. అయ్యా, ఆ కాగితం ఎప్పుడైనా చదివినారా? ఏజెంటు ప్రీమియం ఎంత అనేది ఒక్కటే చెప్పిపోతాడు. చూడాల్సింది వేరే.

ఒకటి, పాత తేదీ. మోటారు బండికి ప్రమాదం జరిగిన రోజు పాలసీ ఉంటే చాలు. డాక్టరు పాలసీ అట్లా కాదు. నోటీసు వచ్చిన రోజు పాలసీ నడుస్తా ఉండాల, వైద్యం జరిగిన రోజు ఆ పాలసీలో రాసిన రెట్రోయాక్టివ్ డేట్ తర్వాతది అయి ఉండాల. మధ్యలో నాలుగు నెలలు కట్టకుండా విడిచిపెట్టి కొత్త పాలసీ తీసుకుంటే ఆ తేదీ మళ్ళీ మొదటికొస్తుంది. వెనక చేసిన ఆపరేషన్లన్నీ గాలిలో. ప్రాక్టీసు మానేసిన వెంటనే పాలసీ మానుకొనే పెద్ద డాక్టర్లూ, ఎగ్మూరు కేసు ఎన్నేళ్ళకి తేలిందో చూడండి.

రెండు, ఒక కేసుకి ఎంత. కోటి అని పెద్ద అక్షరాల్లో ఉంటుంది. పక్కన 1:4 అని ఉంటే కోటి ఏడాది మొత్తానికి, ఒక కేసుకి 25 లక్షలే. వకీలు ఖర్చు కూడా అందులోనుంచే పోతుంది.

మూడు, ఎవరికి. డాక్టరు సొంత పాలసీ ఆస్పత్రికి పనికిరాదు, ఆస్పత్రికి వేరే తీసుకోవాల. చదువులేని ఆయాతో ఇంజెక్షన్ వేయించి పాలసీ చూపిస్తే కంపెనీ నవ్వుతుంది. తాగి చేసినదానికీ, క్రిమినల్ కేసు జరిమానాకీ ఏ పాలసీ రాదు.

మన సంఘంలోనే జరిగింది, పేర్లు వద్దు. మత్తు ఇచ్చే డాక్టరు అబ్బోడు, మూడు నర్సింగ్ హోములకి పోయి వచ్చేవాడు. ఆపరేషన్ బల్ల మీద ఒక ఆడబిడ్డకి ఊపిరి అందక మంచాన పడింది. ఆమె కుటుంబమూ మనవాళ్ళే. రెండేళ్ళు కావస్తుండగా నోటీసు వచ్చింది. ఈలోపల అబ్బోడు పాలసీ తెగి, ఇంకో కంపెనీలో కొత్తది మొదలైంది. కంపెనీ చెయ్యి విదిలించింది. ఆ నర్సింగ్ హోమ్‌కి పాలసీయే లేదు. వాళ్ళ నాయన పొలం అమ్మినాడు. అయినా తీర్పులో రాసినదాంట్లో సగం కూడా ఆ బిడ్డ తల్లి చేతికి రాలేదు. ఒకే పంక్తిలో కూర్చొని తిన్న రెండు కుటుంబాలు, ఇప్పుడు ఒకరు వచ్చే పెళ్ళికి ఇంకొకరు రారు. నమ్మకం చాలు అన్న పెద్దాయన ఆ తల్లి దగ్గరికి పోయి ఆ మాట చెప్పగలడా?

“పాలసీ ఉందని తెలిస్తే కేసులు ఎక్కువవుతాయి” అంటారు. పేషెంటుకి మీ పాలసీ సంగతి ఏం తెలుసు? జనం కోర్టుకి పోయేది, ఏం జరిగిందో చెప్పేవాడు లేక. కేసు షీటు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని 2002 నుండి నియమం ఉంది. ఇస్తా ఉన్నారా?

“ప్రీమియం భారం” అంటారు. కత్తి పట్టని డాక్టరుకి తక్కువ, సర్జన్‌కి ఎక్కువ, మత్తు డాక్టరుకి ఇంకా ఎక్కువ, నిజమే. వాకిట్లో గ్రానైటు పరిచేటప్పుడు లేని భారం దీనికి మాత్రం ఎట్లా వచ్చింది? తప్పు చెయ్యని డాక్టరుకీ ఇది అవసరమే. రోగం నయం కాకపోవడం నిర్లక్ష్యం కాదు, కానీ ఆ సంగతి కమిషన్‌లో నిరూపించేదానికీ వకీలు కావాల. ఆ ఖర్చు పాలసీ మోస్తుంది.

మేము బడిలో తమిళం చదివినవాళ్ళం. తమిళంలో ఇన్సూరెన్సుని కాప్పీడు అంటారు, పరిహారాన్ని నష్టఈడు అంటారు. రెండింట్లోనూ ఉండేది ఆ ‘ఈడు’ ఒక్కటే, పోయినదానికి సాటిగా నిలిచేది. కాప్పీడు లేని చోట నష్టఈడు తీర్పు కాగితం మీదే ఉండిపోతుంది. అందుకే ఇది డాక్టరు సొంత విషయం కాదంటా ఉన్నాం. ఇది మంచాన పడినవాళ్ళ విషయం.

వచ్చే కూటంలో మూడు తీర్మానాలు పెడతాం. కొత్తగా డాక్టరు అయిన మన పిల్లకాయలకి శాలువా మానేసి మొదటి ఏడాది ప్రీమియం సంఘం కట్టాల. మనవాళ్ళ నర్సింగ్ హోములు పాలసీ మొత్తం, గడువు వాకిట్లో బోర్డు మీద రాయాల. రాయని ఆస్పత్రిని సంఘం మలరులో ప్రకటన వేసి పొగడకూడదు.

ఎదురు చెప్పేవాళ్ళు తప్పకుండా రండి. వచ్చేటప్పుడు మీ పాలసీ కాగితం చేత్తో పట్టుకొని రండి, అందరి ముందర చదువుదాం.