షీటు పాడుచేయండి, ఏం కాదు

కొంచెం పెద్ద పోస్టే, ఓపికతో చదవండి.

పోయినేడు స్కాలర్‌షిప్ రెన్యువల్ టైంలో ఏం జరిగిందో అందరికీ గుర్తుండే ఉంటది. హాస్టల్‌లో ఉండే ఒక చెల్లి తన ఆదాయ సర్టిఫికెట్ ఇంకా రాలేదని మన వాట్సాప్ గ్రూపులో మెసేజ్ పెట్టింది. దాని మీద గుడ్ మార్నింగ్‌లు, పుట్టినరోజు శుభాకాంక్షలు వందల్లో పడ్డాయి. ఎవరో ఒకరు చూసుకుంటారులే అని అందరం అనుకున్నాం. ఎవరూ చూడలేదు. గడువు దాటిపోయింది. ఆ తప్పు మనదే.

అందుకే ఈసారి గూగుల్ షీట్ పెట్టుకున్నాం. ఎవరి అప్లికేషన్ ఎక్కడిదాకా వచ్చింది, ఏ కాగితం తక్కువుంది, దాని వెంట ఎవరు తిరుగుతున్నారు, అన్నీ ఒక్కచోట ఉంటాయి. రెండు నెలలైంది. చూస్తే అందులో రాసేది ముగ్గురే, ముగ్గురూ బీటెక్ అన్నలే. మిగతావాళ్లు లింక్ తెరిచి, చూసి, మూసేస్తున్నారు. అడిగితే ఒకటే మాట: "నేను ముట్టుకుంటే ఏదన్నా డిలీట్ అయితే?" ఒక ఆదివారం ఆన్‌లైన్‌లో గంటన్నర క్లాసు కూడా చెప్పాం. నిజం చెప్పాలంటే చెప్పే మాకే నిద్రొచ్చింది.

ఈ భయం క్లాసుతో పోదు, ఆటతో పోతదని మా అభిప్రాయం. పోయిన వారం హాస్టల్‌లో ఉత్తుత్తి షీటు ఒకటి చేసి, పది నిమిషాల్లో ఎంత పాడుచేస్తారో చేయండి అన్నాం. ఒకరు వరుసలన్నీ తుడిచేశారు. ఇంకొకరు మొత్తం ఎర్ర రంగు పూశారు. ఒక తమ్ముడైతే ప్రతి గడిలో తన పేరే రాసుకున్నాడు. తర్వాత ఇంటర్ ఫస్టియర్ చెల్లిని కంప్యూటర్ ముందు కూచోబెట్టి, ఫైల్ మెనూలో వెర్షన్ హిస్టరీ తెరవమన్నాం. పాత షీటు అట్లనే ఉంది, ఎవరు ఏం మార్చారో కూడా కనిపించింది. రీస్టోర్ నొక్కితే అంతా వెనక్కొచ్చింది. "ఇంతేనా!" అంది. ఆ మర్నాడు అసలు షీటులో తన వరుస తనే నింపుకుంది.

రెండో ఆట మాకు ఇంకా నచ్చింది. ఒక షీటులో ఇప్పపువ్వు, తునికి పండు, చింతపండు, జొన్నలు అని తెలుగులో రాసి, పక్కన గోండి, కోయ, కొలామి, లంబాడీ అని గడులు పెట్టాం. ఎవరి భాషలో ఏమంటారో వాళ్లు నింపాలి. తెలియకపోతే అమ్మమ్మకు ఫోన్ చేయొచ్చు. ఇంక చూడండి గొడవ! "మా వైపు అట్లనరు" అని కామెంట్లు. కామెంట్‌లో ఎట్ గుర్తు పెట్టి మెయిల్ ఐడీ రాస్తే వాళ్లకు నోటిఫికేషన్ పోతదని ఎవరూ నేర్పలేదు, కొట్లాటలోనే నేర్చుకున్నారు. రేపు సర్టిఫికెట్ పని ఎవరికైనా అప్పజెప్పాలన్నా వాడేది అదే.

సీనియర్లకు మాత్రం ఒక షరతు: చేతులు వెనక్కి. నోటితో ఎంతైనా చెప్పండి, ఫోన్ మాత్రం లాక్కోవద్దు. మనం "ఇటివ్వు, నేను చేస్తా" అన్నప్పుడల్లా ఒక చెల్లి నేర్చుకోవడం ఆపేస్తది. ఇంట్లో, బడిలో, ఆఫీసుల దగ్గర ఆ మాట మనం పడ్డవాళ్లమే కదా.

ముందు ఎవరు పూర్తి చేస్తే వాళ్లకు బహుమతి అని పెట్టడం మాకు ఇష్టం లేదు. మంచి ఫోన్, మంచి సిగ్నల్ ఉన్నవాళ్లే గెలుస్తారు. గుట్ట మీది గూడెంలో ఉన్నవాళ్లు సిగ్నల్ ఉన్నప్పుడే షీట్స్ యాప్‌లో ఆఫ్‌లైన్ ఆప్షన్ పెట్టుకోండి. నెట్ లేకున్నా రాసుకోవచ్చు, సిగ్నల్ తగలగానే అందులో చేరిపోతది.

ఆట షీటు లింక్ అందరికీ ఇవ్వొచ్చు. అసలు షీటు మాత్రం అట్ల కాదు. దాన్ని రిస్ట్రిక్టెడ్‌లో ఉంచి, మన సభ్యుల మెయిల్స్ మాత్రమే చేర్చాలి. ఆధార్ నంబర్, బ్యాంకు ఖాతా నంబర్ అందులో ఎవరూ రాయొద్దు. "ఆధార్ ఇచ్చాను" అని రాస్తే చాలు.

ఈ ఆదివారం సాయంత్రం పాడుచేసే షీటు లింక్ ఇక్కడే పెడతాం. ఇప్పటిదాకా అసలు షీటులో ఒక్క అక్షరం రాయనివాళ్లే ముందు రండి. బీటెక్ అన్నలు ఆ రోజు టీ పెట్టే డ్యూటీ చూసుకుంటారు.