వస ఎవరు పోయాలి?

గలగలా మాట్లాడే పిల్లను వసపిట్ట అంటాం. నోటికి విశ్రాంతి ఇవ్వని మనిషిని చూసి ‘చిన్నప్పుడు వస కాస్త ఎక్కువ పోసినట్టున్నారు’ అని నవ్వుకుంటాం. వసకొమ్మును సానమీద అరగదీసి, తేనెలోనో తల్లిపాలలోనో రంగరించి, పసిబిడ్డ నాలుకకు రాస్తే మాట తేటగా వస్తుందని మన ఇళ్ళలో తరతరాల నమ్మకం. ఇప్పుడు పిల్లల డాక్టర్లు ఆ పని వద్దంటున్నారు. సరిగ్గానే అంటున్నారు. వసలో ఒంటికి పడని రసాయనం ఉంది. ఏడాది నిండని బిడ్డకు తేనె నాకిస్తే బొటులిజం అనే ప్రమాదకరమైన జబ్బు రావచ్చు. కాబట్టి కొమ్మును అటకెక్కించాల్సిందే.

అయితే కొమ్ముతోబాటు ఇంకొకటి కూడా అటకెక్కింది. వస రాసే అమ్మమ్మ దాన్ని మందుచుక్కలా నోట్లో వేసి లేచిపోయేది కాదు. కాళ్ళు చాపుకుని, బిడ్డను వాటిమీద పడుకోబెట్టుకుని, ముఖంలో ముఖం పెట్టి ‘ఏరా, చేదుగా ఉందా? మీ అమ్మతో చెప్తావా?’ అని అడిగేది. బిడ్డ ‘ఉంగా’ అంటే ‘ఆఁ, అలాగా!’ అనేది. మాట పుట్టింది అక్కడ. పేరు మాత్రం కొమ్ముకు దక్కింది.

ఆగస్టు 29 గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారి పుట్టినరోజు, తెలుగు భాషా దినోత్సవం. ఏటా ఈ రోజుల్లో బడిలో తెలుగు, కోర్టులో తెలుగు, జీవోల్లో తెలుగు అంటూ సంపాదకీయాలు వస్తాయి. మేమూ రాశాం, మళ్ళీ రాస్తాం. ఈసారి మాత్రం బడికి మూడేళ్ళ ముందు, ఇంట్లో చాపమీద మొదలయ్యే తెలుగు గురించి.

ఈమధ్య తెలిసినవాళ్ళింటికి వెళ్ళాం. రెండున్నరేళ్ళ బాబు. చురుకైనవాడు, కానీ నోట నాలుగైదు మాటలకు మించి లేవు. నాయనమ్మ ‘వాళ్ళ నాన్నకూ ఆలస్యమే, నాలుగేళ్ళకు గానీ మాట్లాడలేదు’ అంది. పక్కింటావిడ ‘నాలుక మందమేమో చూపించండి’ అంది. తల్లి ముఖంలో తప్పు చేసినదానిలాంటి చూపు. మేమున్న గంటన్నరలో ఆ బాబు చాలాసార్లు మాట్లాడబోయాడు. కిటికీ వైపు వేలు చూపి ‘ఆ, ఆ’ అన్నాడు. చెప్పు తెచ్చి మా ఒళ్ళో పెట్టాడు. ఒకసారైనా ఎవరూ అటు తిరిగి చూడలేదు. మేమూ చూడలేదు. వాడి గురించి మాట్లాడుకోవడంలో మునిగి ఉన్నాం.

మాట ఆలస్యమైతే మనవాళ్ళ చూపు ముందు నాలుక మీద పడుతుంది. పడాల్సింది చెవి మీద. వినని బిడ్డ మాట్లాడడు. బిడ్డ తల్లి కడుపులో ఉండగానే ఆమె గొంతు వింటాడు, పుట్టగానే దాన్ని పోల్చుకుంటాడు. రెండు మూడు నెలలకు ‘ఉంగా’ అంటాడు. ఆరేడు నెలలకు ‘బాబాబా, మామామా’ అని పెదవులతో ఆడతాడు. ఏడాది అటూ ఇటూగా మొదటి మాట పలుకుతాడు. రెండేళ్ళు నిండేసరికి రెండు మాటలు కలిపి ‘పాలు కావాలి’, ‘తాత లేదు’ అంటాడు. మూడేళ్ళకు పైవాళ్ళకు కూడా చాలావరకు అర్థమయ్యేలా మాట్లాడతాడు. ఇదంతా వినికిడి మీద లేచే మేడ. పునాది మన కంటికి కనిపించదు కాబట్టి పైఅంతస్తులో లోపం వెతుకుతాం.

వినికిడి ఉండి, మాటలు చెవిన పడుతూ ఉంటే చాలా? చాలదు. ఇక్కడే మన పెద్దల అలవాటొకటి పరిశోధకులకన్నా ముందు నడిచింది. మన ఇళ్ళలో కథ చెప్పించుకోవాలంటే వినేవాడు ‘ఊ’ కొట్టాలి. ఊ ఆగితే కథ ఆగుతుంది. బుర్రకథలో కూడా కథకుడు ఒంటరిగా నిలబడడు. ఇరుపక్కలా వంతలు అందుకుంటేనే కథ నడుస్తుంది. మాట అనేది ఇద్దరి మధ్య నడిచేదని, ఎదుటివాడి వంతు ఖాళీగా ఉంచాలని మనవాళ్ళు పాఠం పెట్టకుండానే నేర్పారు.

1995లో అమెరికాలో కాన్సాస్‌లోని 42 కుటుంబాలను గమనించి, పిల్లల చెవిన పడే మాటల సంఖ్యలో ఇంటింటికీ పెద్ద తేడా ఉందని ఇద్దరు పరిశోధకులు లెక్కలు కట్టారు. ఆ లెక్కల మీద తర్వాత చాలా వాదం నడిచింది. ఎంఐటీ పరిశోధకులు 2018లో మరో సంగతి చూపించారు. నాలుగు నుంచి ఆరేళ్ళ పిల్లల్లో, మెదడు భాషను అందుకునే తీరుకు గట్టిగా ముడిపడి కనిపించింది వాళ్ళు విన్న మాటల మొత్తం కాదు. పెద్దలకూ వాళ్ళకూ మధ్య ఎన్నిసార్లు మాట అటూ ఇటూ మారిందన్నది. అంటే రోజంతా టీవీ వాగుతున్న ఇంట్లో మాటల వాన కురుస్తుంది గానీ బిడ్డ దోసిట్లో చుక్క పడదు.

అంతకుముందు 2003లో పరిశోధకురాలు పట్రీషియా కూల్ బృందం ప్రచురించిన ప్రయోగం ఇంకా సూటిగా ఉంటుంది. తొమ్మిది నెలల అమెరికన్ పిల్లల్లో కొందరిని మాండరిన్ చైనీస్ మాట్లాడేవాళ్ళు ఎదురుగా కూర్చుని పన్నెండుసార్లు ఆడించారు, పుస్తకాలు చదివి వినిపించారు. మరికొందరికి అవే మాటలు టీవీలో చూపించారు. మొదటివాళ్ళు ఆ భాషలోని ధ్వనుల తేడా పసిగట్టారు. టీవీ చూసినవాళ్ళు, ఆ భాష ఎన్నడూ వినని పిల్లలకన్నా ఏమీ మెరుగ్గా లేరు. తెరకు గొంతు ఉంది, బొమ్మ ఉంది, రంగు ఉంది. అది ఊ కొట్టదు. బిడ్డ వేలు చూపిస్తే అటు తిరగదు.

అందుకే ‘ఫోన్ పెడితేగానీ ముద్ద దిగదు’ అన్న మాట వింటే దిగులు వేస్తుంది. దిగకుండా పోతున్నది ముద్ద ఒక్కటే కాదు. గోరుముద్దకూ గోరుముద్దకూ మధ్య కాకి వచ్చేది, పిల్లి వచ్చేది, చందమామ వచ్చేవాడు. ‘ఇది ఎవరి ముద్ద?’ అని అడిగేవాళ్ళు. తెలుగు పిల్లలు వాక్యాలు నేర్చుకున్న తరగతి గది అదే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఏడాదిలోపు పిల్లలకు తెర అసలు వద్దని, రెండేళ్ళ నుంచి నాలుగేళ్ళ వరకు రోజుకు గంట మించవద్దని చెప్పింది. మన దేశపు పిల్లల వైద్యుల సంఘం కూడా రెండేళ్ళలోపు వద్దనే అంటుంది, అయినవాళ్ళతో వీడియో కాల్‌కు మాత్రం మినహాయింపు ఇచ్చింది. ఆ మినహాయింపులో అర్థముంది. డాలస్‌లో మనవరాలు బొమ్మ ఎత్తి చూపిస్తే ఏలూరులో తాతయ్య ‘అబ్బో, దాని పేరేమిటి తల్లీ?’ అంటాడు. ఆ తెర వెనక ఊ కొట్టే మనిషి ఉన్నాడు.

ఇంతకూ ఇంట్లో ఏం చేయాలి? కొత్త సామాను కొనక్కర్లేదు. అరచేతిలో మోచేత్తో పప్పు రుబ్బి, వేలువేలుకూ ముద్ద పంచి, అత్తారింటి దారి వెతుక్కుంటూ చంకదాకా వెళ్ళి చక్కిలిగింత పెట్టే ఆట మనకు తెలియనిది కాదు. అందులో ఎంత నేర్పుందో చూడండి. ప్రతిసారీ అవే మాటలు, అదే వరుస. నాలుగోసారి నాయనమ్మ మధ్యలో ఆగిపోతుంది. ఊరికే చూస్తుంది. బిడ్డ ఊపిరి బిగబట్టి, ఇక ఆగలేక, తానే ఆమె వేలు పట్టుకుని చంకలోకి లాక్కుంటాడు. మాటలు రాకపోయినా అది బిడ్డ చెప్పిన వాక్యమే. స్పీచ్ థెరపీలో తల్లిదండ్రులకు నేర్పే మొదటి పాఠాల్లో ఒకటి ఇదే: మీ వంతు అయ్యాక ఆగండి, బిడ్డ వైపు చూడండి, మనసులో ఐదు లెక్కపెట్టండి. తొందరపడి బిడ్డ మాట కూడా మీరే అనేయకండి. దోబూచులాటలోనూ తారంగంలోనూ ఈ ఆగడం ఉంది. పనికి వెళ్ళేవాళ్ళకు ప్రత్యేకంగా గంట దొరక్కపోవచ్చు. స్నానం చేయిస్తూ, చిక్కుడుకాయలు గిల్లుతూ, ఉతికిన బట్టలు మడతపెడుతూ కూడా ఇది సాగుతుంది. ‘ఇది నాన్న చొక్కా. ఇదెవరిది?’ అని అడిగి ఆగితే చాలు.

బువ్వ, లాల, జోజో, అప్పచ్చి లాంటి ముద్దుమాటలు వాడితే పిల్లలు ఎదగరని కొందరి భయం. చార్ల్స్ ఫెర్గూసన్ అనే భాషావేత్త 1964లోనే ఆరు భాషల ముద్దుమాటలను పరిశీలించాడు. మన పొరుగు మరాఠీ వాటిలో ఒకటి. పసివాళ్ళతో మాట్లాడేటప్పుడు పలకడానికి తేలికైన ధ్వనులూ, ఒకే అక్షరాన్ని రెండుసార్లు పలకడమూ ఆ భాషలన్నిటిలోనూ కనిపించాయి. ముద్దుమాట ఒక మెట్టు. దానిమీద నిలిచి బిడ్డ పైమెట్టు అందుకుంటాడు.

తప్పులు దిద్దడంలో మనకు మరీ ఆత్రం. బిడ్డ ‘తాత వచ్చింది’ అంటాడు. ‘వచ్చింది కాదు, వచ్చాడు అను’ అని గద్దిస్తాం, లేదా పదిమంది ముందు మళ్ళీ మళ్ళీ అనిపించి నవ్వుతాం. ఆ పసి బుర్ర చేసిన పని ఎంత గొప్పదో గమనించం. అమ్మ వచ్చింది, ఆవు వచ్చింది, బస్సు వచ్చింది. తెలుగులో ఒక్క మగవాణ్ణి వదిలేస్తే ఏకవచనంలో లోకమంతా ‘వచ్చింది’. ఎవరూ చెప్పకుండానే బిడ్డ ఆ సూత్రం పట్టేశాడు. తాతను కూడా అందులో చేర్చేశాడు, అంతే. దీనికి మందు గద్దింపు కాదు, ఊ కొట్టడమే: ‘అవును, తాత వచ్చాడు! చేతిలో ఏం తెచ్చాడు?’ సరైన రూపం చెవిన పడింది, మాట ముందుకు సాగింది, బిడ్డ చిన్నబుచ్చుకోలేదు. ‘కుక్క’ను ‘తుక్క’ అన్నా ఇంతే. ర, ళ, ణ లాంటివి నాలుకకు ఆలస్యంగా లొంగుతాయి.

ఇక ఇంగ్లీషు సంగతి. ఇంట్లో అందరూ తెలుగు మాట్లాడుకుంటూ, బిడ్డ వైపు తిరగ్గానే ‘కమ్, సిట్, ఈట్, నోస్ ఎక్కడ, ఐస్ ఎక్కడ’ అనడం చాలా ఇళ్ళలో చూస్తున్నాం. రెండు భాషలు వినడం వల్ల మాట ఆలస్యం కాదు. రెండూ నిండుగా వింటే పిల్లలు రెండూ నేర్చుకుంటారు. బెంగళూరులోనూ బరంపురంలోనూ మనవాళ్ళ పిల్లలు మూడు కూడా నేర్చుకుంటున్నారు. నష్టం ఎక్కడంటే, అమ్మానాన్నలకు అలవోకగా రాని భాషలో బిడ్డతో మాట్లాడినప్పుడు ఆజ్ఞలూ పరీక్షలూ మిగులుతాయి, కబుర్లు పోతాయి. ‘నోస్ ఎక్కడ?’ అని అడిగేవారికి జవాబు ముందే తెలుసు. ‘కాకి ఎందుకు అరుస్తోందిరా?’ అని అడిగినప్పుడు ఇద్దరికీ తెలియదు. మాట అక్కడ పెరుగుతుంది.

ఇవన్నీ చేసినా మాట రాని పిల్లలుంటారు. అది తల్లి తప్పు కాదు. ఈ వ్యాసం చదివి ఏ తల్లీ తన్ను తాను నిందించుకోకూడదు. ఏడాది నిండినా ‘బాబా’ లాంటి పలుకులు లేకపోతే, వేలుతో చూపించకపోతే, టాటా చెప్పకపోతే, పేరు పెట్టి పిలిస్తే తిరగకపోతే, పదహారు నెలలకు ఒక్క మాటా లేకపోతే, రెండేళ్ళకు రెండు మాటలు కలపకపోతే, వచ్చిన మాటలు ఏ వయసులోనైనా పోతే ఆగకూడదు. ‘మగపిల్లలకు ఆలస్యమేలే’ అని ఇంకో ఏడాది చూడటం బిడ్డకు అన్యాయం. మొదటి పరీక్ష వినికిడికి. పుట్టిన బిడ్డ నిద్రపోతుండగానే చెవిలో చిన్న మొన పెట్టి కొద్ది నిమిషాల్లో చేసే పరీక్ష ఉంది. ప్రసవం జరిగే ప్రతి ఆసుపత్రిలోనూ అది మామూలు పని కావాలి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీల్లో, బడుల్లో పిల్లల ఎదుగుదల లోపాలను వెతికే ఏర్పాటు ఉంది. సికింద్రాబాద్‌లో వినికిడి, మాట లోపాల కోసం పనిచేసే అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. వీటి సంగతి ఊరి తల్లికి చేరాలి. చేరాక ఆమెకు దొరికే సలహాలు, బొమ్మల అట్టలు ఆమె ఇంటి తెలుగులో ఉండాలి.

సాహిత్యకారులకు ఇందులో పని లేదా? న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు 1945లో ‘బాల’ పత్రిక పెట్టారు. 1947లో ‘చందమామ’ వచ్చింది. చదవడం వచ్చిన పిల్లలకు మనం కొంత చేశాం. పుస్తకాన్ని ఇంకా నోట్లో పెట్టుకుని చప్పరించే వయసువాడికి, పేజీకి ఒక బొమ్మ, ఒక మాటతో అట్టముక్కంత గట్టి తెలుగు పుస్తకాలు ఎన్ని ఇచ్చాం? రాయడం తేలికనుకుంటే పొరపాటు. బిడ్డ వంతుకు చోటు వదిలి రాయడం మనలో చాలామందికి చేతకాని విద్య.

గిడుగువారు సవర గిరిజనుల ఊళ్ళకు వెళ్ళి, వాళ్ళ మాట విని నేర్చుకుని, వాళ్ళ పిల్లలకు వాళ్ళ భాషలోనే వాచకాలు రాశారు. ఆ అడవుల్లో పట్టుకున్న మలేరియాకు వాడిన క్వినైన్ ఆయన వినికిడిని దెబ్బతీసింది. చెవులు పోగొట్టుకునేదాకా విన్న మనిషి పేరు చెప్పుకుని పండుగ చేసుకుంటున్నాం. ఆయనకు ఇవ్వగలిగిన దండ వినడమే.

రాత్రి కథ చెప్పేటప్పుడు బిడ్డ ఊ ఆగిపోతే నిద్రపోయాడని మనకు తెలుస్తుంది. దుప్పటి కప్పి లేస్తాం. పగలు వాడు తన కథ చెబుతుంటాడు, వేలితో, చెప్పుతో, ‘ఆ, ఆ’ అంటూ. మన ఊ వినపడకపోతే వాడూ అదే అనుకుంటాడు: వీళ్ళు నిద్రపోయారని. కళ్ళు తెరుచుకునే, ఫోన్ చూస్తూ.